శనివారం పులి-మేక: 11 వారాల లెక్క

నల్గొండలో మా దోస్తు వాళ్ల డాబా మీద ప్రతి శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు కూర్చుంటున్నాం. ఇద్దరమే. పులి-మేక అంటే గీతల బల్ల మీద ఒకరు మూడు పులులతో, ఇంకొకరు 15 మేకలతో ఆడే ఆట: పులి గీత వెంట మేక మీంచి ఖాళీ చోటికి దూకితే ఆ మేక పోతుంది, పులులు ఎటూ కదలకుండా బందైతే మేకలు గెలిచినట్టు. రాత్రికి రెండు ఆటలు: ఒకదాంట్లో మేకలు నావి, రెండోదాంట్లో వాడివి. ఒక్కో ఆటకు అరగంట, పట్టుదల మీద ఉంటే ముప్పావుగంట.

మొదటి రెండు వారాలు గచ్చు మీద సుద్దముక్కతో గీసుకున్నాం. ఆట సగంలో గీతలు చెరిగిపోయి, ఎటు దారి ఉందో ఎటు లేదో అని రోజూ పేచీ. మూడో వారం బండల దుకాణంలో మిగిలిన షాబాద్ బండ ముక్క, అడుగున్నర పలక, తెచ్చుకున్నాం. పాత గుళ్ల మండపాల్లో ఈ గీతలు రాతిలోనే చెక్కి ఉంటాయి. మాకు చెక్కడం రాదు కాబట్టి టేపు అంటించి తెల్ల ఎనామిల్ పెయింట్ వేశాం. నున్నటి వైపు చింతగింజలు జారుతుంటే, బండ తిరగేసి గరుకు వైపు మళ్లీ గీశాం. మేకలకు 15 చింతగింజలు, పులులకు మూడు క్యారమ్ కాయలు. మిర్చి బజ్జీలు ఆట అయ్యాకే. నూనె చేతులతో గింజ పట్టు దొరకదు.

గీతలు కలిసే చోట్లు, అంటే ఇండ్లు, మొత్తం 23. ఆట రాసుకోవడానికి నంబర్లు పెట్టాం: కొన 1, దాని కింద అడ్డగీతల మీద ఎడమ నుంచి 2-7, 8-13, 14-19, అట్టడుగున 20-23. కొన నుంచి నాలుగు గీతలు అట్టడుగుదాకా దిగుతాయి, రెండు పక్కలా 2-8-14, 7-13-19 నిలువు గీతలు. పులులు 1, 4, 5లో మొదలు. మేకలన్నీ బండ మీదికి దిగేదాకా ఏ మేకా కదలదు. ఐదు మేకలు పోతే పులి గెలిచినట్టు. ఒకే అమరిక మూడుసార్లు వస్తే ఆట సమం. ఈ చివరిది ఆరో వారం పెట్టుకున్న నియమం, అంతకుముందు పదకొండు గంటలు దాటినా తేలేది కాదు.

నాలుగు వారాలు మేకలతో వరసగా ఓడిపోయాను. పులులకు ఎదురుగా, నడిమధ్యన పెట్టడమే తప్పని నోట్‌బుక్ చూస్తేగానీ తెలియలేదు. పోయిన మేకలన్నీ 10, 11 చుట్టూనే పోయాయి. ఐదో వారం నుంచి ముందు మూలలు: 2, 7, 14, 19, 20, 23. గీత అక్కడితో ఆగిపోతుంది కాబట్టి మేక మీంచి దూకితే దిగే ఇల్లు ఉండదు. మూలలు పట్టుకున్నాక 8, 13, 21, 22 కూడా భద్రమే. పది మేకలు ఒక్కటీ పోకుండా దిగుతాయి.

వాడు ఊరుకుంటాడా? ఏడో వారం రెండో ఎత్తుకే పులిని తెచ్చి 2లో కూర్చోబెట్టాడు. "మూల నీదొక్కడిదేనారా?" అన్నాడు. ఆ రాత్రి మళ్లీ ఓడాను. కానీ ఇంటికొచ్చి కాగితం మీద గీసి చూస్తే, 2లో ఉన్న పులికి నాలుగు మేకలు చాలు: 8, 14, 4, 3. వరస ముఖ్యం. ముందు 4, ఆఖర్న 3. ముందే 3లో పెడితే, దాని మీంచి దూకి 4లో దిగుతుంది.

ఎనిమిదో వారం మేకలతో మొదటి గెలుపు. అప్పటికే రెండు మేకలు పోయి 13 మిగిలాయి. పులులు 1, 2, 20లో ఉన్నాయి. నా మేకలు 3, 4, 5, 6, 8, 9, 10, 11, 12, 14, 15, 21, 22. ఆఖరి గింజను 16 నుంచి 15లోకి జరిపి చెయ్యి తీశాను. వాడు ఒక్కో పులి మీద వేలు పెట్టి, ప్రతి దారీ చూసుకుంటూ పోయాడు. పదమూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఏదో ఒక పులి కదిలేది. చాలాసేపటికి "బందైనయ్‌రా మూడూ" అని నాకంటే వాడే ఎక్కువ సంబరపడ్డాడు. బండ మీద ఫోటో తీసి పెట్టుకున్నాం.

11 వారాలకు మేకలతో నా లెక్క: గెలుపు 3, సమం 2, ఓటమి 6. వాడిది గెలుపు 4, సమం 1. వాడు మేకలతో నాకంటే నిదానం, కుడివైపు పూర్తిగా మూసేదాకా ఎడమవైపు చూడడు. అది నాకు ఇంకా చేతకావడం లేదు. పెట్టడం అయ్యాక మొదటి కదలికలోనే తొందరపడి 8 వదిలేస్తున్నాను, గత రెండు ఓటములూ అక్కడే మొదలయ్యాయి. వచ్చే శనివారం 8, 13 రెండింటినీ ఆఖరిదాకా కదపకుండా ఆడి చూస్తాను. 20, 21 నంబర్ల పెయింట్ లేచింది, ఆలోపు ఇంకో పూత వేయాలి.