ఆ 2.25 వేరు, ఈ 2.25 వేరు

విజయవాడ సూర్యారావుపేటలో శుక్లం ఆపరేషన్‌కి టోరిక్ లెన్స్ (కంటి వంపులోని తేడాను కూడా సరిచేసే లెన్స్) అనగానే అందరూ ధర అడుగుతారు. నేను కొలతల ప్రింటు అడిగాను. నా కుడికంటి అద్దాల్లో సిలిండర్, అంటే ఆ వంపు తేడాకిచ్చే నంబరు, 2.25. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) వంపు చూస్తే ఒక దిక్కున 43.25, అడ్డదిక్కున 44.75, తేడా 1.50 డయాప్టర్లే (పవర్ కొలత). మిగిలిన ముప్పావులో ఎక్కువ భాగం మసకబారిన పాత లెన్స్‌ది, దాంతోపాటే పోతుంది. అద్దాల చీటీ చూసి టోరిక్ లెన్స్ ఆర్డర్ చేయకూడదనేది ఇందుకే.

అసలు తలనొప్పి కొలతల దగ్గరే. మొదటిసారి ఒక మెషీన్ 1.00 అంది, ఇంకోటి 1.50 అంది. యాక్సిస్‌లో, అంటే వంపు దిక్కులో, 12 డిగ్రీల తేడా. కన్ను పొడిబారి ఉంది మరి, పగలంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంకేమవుతుంది! కన్నీటి పొర చెదిరితే మెషీన్‌కి వంపు కూడా చెదిరినట్టే కనబడుతుంది. రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు లూబ్రికెంట్ చుక్కలు వేసుకుని వెళ్తే రెండు మెషీన్లూ ఒకే మాట చెప్పాయి. కాంటాక్ట్ లెన్సులు మెత్తవైతే కనీసం వారం, గట్టివైతే మూడు వారాలు ముందే మానేయాలి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే కొలతలు తీయించుకోవాలి.

నాకు అడ్డం వంపు ఎక్కువ, 175 డిగ్రీల దగ్గర. ఇలాంటి కంట్లో కార్నియా వెనుకవైపు మరో 0.3 దాకా కలుపుతుంది, ముందువైపే చూసే కెరటోమీటర్‌కి (వంపు కొలిచే మెషీన్) అది దొరకదు. పక్కనుంచి పెట్టే 2.2 మిల్లీమీటర్ల కోత కాస్త తగ్గిస్తుంది. అన్నీ కలిపితే 2.25 సిలిండర్ ఉన్న లెన్స్ తేలింది. అద్దాల నంబరే వేసేశారని కంగారు పడక్కర్లేదు. లోపలి లెన్స్ మీద 2.25 అంటే కార్నియా దగ్గర సుమారు 1.55 అంతే.

లెన్స్ ఏ దిక్కున పెట్టాలో తెలియడానికి ఆపరేషన్ రోజు పడుకోబెట్టకముందే మార్కింగ్. తిమ్మిరి చుక్క వేసి, స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా సూటిగా చూడమని, నల్లగుడ్డు అంచున గడియారంలో మూడు, తొమ్మిది ఉండేచోట ఊదారంగు పెన్నుతో రెండు గీతలు పెడతారు. పడుకోగానే కన్ను తన చుట్టూ తాను కొన్ని డిగ్రీలు తిరుగుతుంది కాబట్టే ఈ జాగ్రత్త. ఆ నిమిషంలో తల వాలిస్తే గీతే తప్పుతుంది. లెన్స్ ఒక్క డిగ్రీ పక్కకు తప్పితే సవరణలో 3 శాతానికి పైగా పోతుంది. 10 డిగ్రీలు తప్పితే మూడోవంతు గల్లంతు, 30కి ఫలితం సున్నా, అది దాటితే సిలిండర్ పెరుగుతుంది.

లెన్స్ తిరిగితే ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే. దాని వెనుక ఆపరేషన్‌లో వాడిన జెల్ మిగిలిపోయినా, కన్ను పొడవు ఎక్కువైనా జారుతుంది. కాబట్టి చెకప్‌లో చూపు ఎంత అని అడిగి ఊరుకోకండి, పాప పెద్దది చేసి లెన్స్ మీది చుక్కలు ఏ డిగ్రీలో ఉన్నాయో రాయించుకోండి. నాది 178. బాగా తిరిగితే ఒకటి రెండు వారాల్లోపు సరిచేయించాలి, తర్వాత చుట్టూ ఉన్న సంచి లెన్స్‌ని పట్టేస్తుంది.

నెల తర్వాత మిగిలిన సిలిండర్ 0.25. బందరు రోడ్డు మీద బస్సు బోర్డు అద్దాల్లేకుండా చదువుతున్నాను. సెల్‌ఫోన్‌కి మాత్రం 2.50 అద్దాలు కావాల్సిందే, వేసింది మోనోఫోకల్ (ఒకే దూరానికి పనిచేసే) టోరిక్ కదా.