జల్లెడ మడతలో ఏడు గింజలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగంలో పలూస్ అనే ప్రాంతం ఉంది. ఎటు చూసినా దిబ్బలు, దిబ్బల నిండా గోధుమ. బాపట్లలో ఏజీ బీఎస్సీ, ఇక్కడ ఎమ్మెస్ అయ్యాక, కాంట్రాక్టు మీద పొలం ప్రయోగాలు చేసిపెట్టే చిన్న సంస్థలో చేరాను. మొదట అప్పగించిన పని గడ్డి మందును తట్టుకునే జన్యుమార్పిడి గోధుమ ప్లాట్లు.

మందు కొట్టి, ఏది ఎంత మాడిందో మార్కులు వేయడం తేలికే. పది పదిహేను రోజులకు మామూలు గోధుమ పసుపు తిరిగి వాలిపోతుంది. పక్క ప్లాటులో ఇది పచ్చగా నిలబడి ఉంటుంది. అసలు కష్టం కోత నాడు మొదలవుతుంది. ఒక్క గింజ కూడా ఆ చేను దాటకూడదు. కోత మిషన్‌ను అక్కడే ఆపి జల్లెడలు, బెల్టు సందులు, టైరు గాడులు అన్నీ గాలి కొట్టి శుభ్రం చేయాలి. నా మొదటి కోతలో మూడు గంటలు ఒళ్లంతా దుమ్ము చేసుకుని, అయిపోయిందనుకుని ఫారం మీద సంతకం పెట్టబోయాను. మా సూపర్‌వైజర్ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశారు. జల్లెడ ఫ్రేము మడతలోంచి స్క్రూడ్రైవర్‌తో గింజలు ఒక్కొక్కటీ గీకి తీసి నా అరచేతిలో పోశారు. "లెక్కపెట్టు" అన్నారంతే. ఏడు ఉన్నాయి.

ఆవిడ అంత పట్టుదలకు కారణం తర్వాత తెలిసింది. మోన్‌శాంటో అనే విత్తనాల కంపెనీ ఇలాంటి గోధుమను 1998 నుంచే ఇక్కడ పొలాల్లో పరీక్షించింది, కొనే దేశాలు ఒప్పుకోవన్న భయంతో 2004లో మానుకుంది. 2013లో పక్కనున్న ఆరెగాన్ రాష్ట్రంలో ఒక రైతు బీడు పెట్టిన చేలో గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడితే, పడి మొలిచిన గోధుమ కొన్నిచోట్ల చావలేదు. పరీక్ష చేస్తే అదే రకం. జపాన్, దక్షిణ కొరియా ఈ ప్రాంతపు తెల్ల గోధుమ కొనడం కొన్నాళ్లు ఆపేశాయి. పంట చేతికొచ్చే ముందు ఇక్కడి రైతులకు ఎంత టెన్షనో ఊహించుకోండి. అది ఆ చేలోకి ఎలా వచ్చిందో విచారణలో కూడా తేలలేదు. 2018లో కెనడాలోని ఆల్బర్టాలోనూ ఇలాగే రోడ్డు పక్కన మొక్కలు దొరికాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది, మళ్లీ అవే రెండు దేశాలు కొనుగోళ్లు ఆపాయి.

ఈ పని చేస్తున్నంతసేపూ నాకు పల్నాడులో మా నాన్న పత్తి చేను గుర్తొస్తుంది. మన దగ్గర గడ్డి మందు తట్టుకునే పత్తికి అనుమతి లేదు. అయినా బీజీ-3 అని చాటుగా అమ్ముతారు. నాన్నను తప్పుపట్టలేను. కలుపు తీతకు కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి ఇచ్చుకోలేం. కానీ ఆ విత్తనంలో మామూలు విత్తనం కలిసి ఉంటే, మందు కొట్టిన వారానికి సగం చేను మాడిపోతుంది. అడగడానికి మనిషి ఉండడు, చూపించడానికి కాగితం ఉండదు. ఇక్కడ ఏడు గింజలకు ఫారం రాసే నాకు అది తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

మా పర్మిట్ ప్రకారం కోత తర్వాత రెండేళ్లు ఆ నేలను కనిపెట్టుకుని ఉండాలి. రెండో ఏడు వసంతంలో వరస వరసా నడుస్తుంటే, మిషన్ మలుపు తిరిగిన చోట రాయి పక్కన ఒక మొక్క కనిపించింది. పొట్ట దశకు వచ్చేసింది. ఇంకో వారం ఆగితే వెన్ను తీసేది. వేరుతో సహా పీకి, రెండు కవర్లలో కట్టి, ఆ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నాను.

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను.

"ఈసారి విత్తనం ప్యాకెట్ మీద లాట్ నంబరు ఉందేమో చూశావా నాన్నా?"

"ప్యాకెట్టెక్కడిదిరా, ఉత్త కవర్లో పోసిచ్చాడు."

"పోనీ గుప్పెడు విత్తనం ఆ కవర్లోనే ఉంచి, ఎవరి దగ్గర కొన్నావో, ఏ రోజు కొన్నావో చీటీ రాసి బీరువాలో పెట్టు."

"సరేలేరా, అమ్మతో రాయిస్తా" అన్నాడు.