అరుగు మీద అపరాధ పరిశోధన: జూన్ నుంచి జనవరి దాకా

జూన్

బడులు తెరిచారు. మా అరుగు మీద పుస్తకాల బల్ల మళ్ళీ వేశాను. ఈ ఏడాది ఒకటే రూలు: బల్ల మీద మిస్టరీ, సాహసం తప్ప ఇంకేదీ ఉండదు. నీతి కథలు, మహనీయుల జీవితాలు బీరువాలో ఉంటాయి, కావాలంటే అడిగి తీసుకోవచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా ఊరు రాజోలుకి దగ్గర, గోదావరి పాయ వశిష్ఠ గట్టుని ఆనుకుని ఉంటుంది. వచ్చే పిల్లలు నాలుగో తరగతి నుంచి తొమ్మిది దాకా. సగంమంది ఇంగ్లీషు మీడియమే గానీ, ఇంగ్లీషు కథల పుస్తకం చేతిలో పెడితే రెండో పేజీకే మొహం వాడిపోతుంది. అందుకని ముందు తెలుగు, దసరా దగ్గరపడ్డాకే ఇంగ్లీషు.

ప్రతి పుస్తకం వెనక అట్టకి లోపల ఒక చీటీ అంటించాను. పుస్తకం మధ్యలో ఆపేసినవాళ్ళు ఏ పేజీలో ఆపారో ఆ నంబరు రాయాలి. పూర్తి చేసినవాళ్ళు 'ఆయ్' అని రాస్తే చాలు. ఆపేసినందుకు తిట్టేదేమీ లేదని ముందే చెప్పాను, లేకపోతే అందరూ 'ఆయ్' అనే రాసేస్తారు. ఒకే పేజీ దగ్గర ముగ్గురు ఆగారంటే తప్పు పిల్లలది కాదు, పుస్తకానిది.

మొదటి పుస్తకం 'కాంచన ద్వీపం'. స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్' (1883)కి నండూరి రామమోహనరావు గారి తెలుగు. ఆదివారం సాయంత్రాలు అరగంట చొప్పున నేనే పైకి చదివాను. గుడ్డివాడు కర్ర తాటించుకుంటూ సత్రానికి వచ్చే చోట నాలుగో తరగతి వాళ్ళు ఒకరి మీద ఒకరు పడిపోయారు. జిమ్ ఆపిల్ పండ్ల పీపాలో నక్కి, ఒంటికాలి సిల్వర్ అసలు రంగు తెలుసుకునే చోట టక్కున మూసేశాను. అంతే, పుస్తకం కోసం కొట్లాట. పైకి చదివే పుస్తకం ఏదైనా సరే, కనీసం రెండు కాపీలు ఉంటే గానీ ఈ పద్ధతి పనిచేయదు. సగంలో ఆపి ఊరించాక 'పుస్తకం ఇంకొకరి దగ్గరుంది, పది రోజులు ఆగు' అంటే ఆ ఊపు అక్కడే చచ్చిపోతుంది.

స్టీవెన్‌సన్ ముందు దీవి పటం గీసుకుని, ఆ పటంలోంచి కథ లాగాడని చెప్పాను. అది విని మావాళ్ళు ఊరి పటం గీశారు. లాకు, పంపు షెడ్డు, రేవు, చింతచెట్టు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎర్ర స్కెచ్ పెన్నుతో నిధి గుర్తు మాత్రం ఒకాయన కొబ్బరితోటలో పెట్టారు. మర్నాడు అక్కడ మోకాలి లోతు గొయ్యి. కౌలు చేసే ఆయన వచ్చి "ఇది మీ పుస్తకాల పుణ్యమేనా అండీ?" అని అడిగాడు. పూడ్పించాను. నిధి గుర్తు ఇప్పుడు మా పెరట్లో ఉంది.

జూలై

ముసురు. పిల్లలు తడి చేతులతో వచ్చేస్తారు కాబట్టి బల్ల కోడుకి ఒక తువ్వాలు కట్టాను.

డెల్టాలో పుస్తకాలని వాన కంటే గాలిలో చెమ్మే ఎక్కువ పాడుచేస్తుంది. ఇనప బీరువాలో కుక్కి తలుపు బిగిస్తే అట్టల మీద తెల్లగా బూజు లేస్తుంది. చెక్క రాక్‌ని గోడకి జానెడు ఎడంగా జరిపాను. పుస్తకాల మధ్య వేలు దూరేంత సందు వదిలాను. అడుగు అర ఖాళీ, అక్కడికి నేల చెమ్మ ఎక్కుతుంది. బూజు పట్టినదాన్ని నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడవాలి. నిండు ఎండలో పెడితే కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది. కలరా ఉండలు పెట్టను, చిన్నపిల్లలు బిళ్ళలనుకుంటారు. ఎండు వేపాకు పాత చీర గుడ్డలో మూటకట్టి పెడితే పురుగు కొంత తగ్గుతుంది, బూజుకి మాత్రం అది పనికిరాదు.

ఇంకో మాట. బైండింగ్ చేసేవాళ్ళు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. అది విషం. వేలు నాకి పేజీ తిప్పే వయసు వాళ్ళకిచ్చే పుస్తకాలకి వద్దని చెప్పి, ఫెవికాల్‌తోనే చేయించుకోండి.

ఈ నెలంతా చందమామ సీరియల్స్. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి వరసగా రాసినవి. నా దగ్గర పుస్తకాలుగా 'శిథిలాలయం', 'రాకాసిలోయ' ఉన్నాయి. వీటి చీటీల మీద పేజీ నంబర్లే లేవు, అన్నీ 'ఆయ్'లే. కారణం సులువే. నెలనెలా వచ్చిన కథ కాబట్టి ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు ఆపదలో చిక్కుకుని ఉంటారు. ఎక్కడ ఆపాలో నేను ఆలోచించక్కర్లేదు, ఆయనే ఆపి పెట్టారు. ఐదో తరగతి దాటి, తెలుగు చదవడం వచ్చి, ఓపిక మాత్రం లేని పిల్లలకి ఇంతకంటే మంచి మందు నాకు తెలీదు. పాత సంచికల్లోవి దొరికితే చిత్రా గారి బొమ్మల కోసమైనా తీసుకోండి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 'శిథిలాలయం' తిరిగిస్తూ, "శిఖిముఖి, విక్రమకేసరి బాగానే ఉన్నారు గానీ, మాకేం పని లేదేంటి బాబాయ్‌గారూ ఇందులో?" అంది. నిజమే, సాహసాలన్నీ దాదాపు మగవాళ్ళవే. ఆ ప్రశ్న నోట్ చేసుకున్నాను.

ఆగస్టు

ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చింది. గోదావరి మధ్య లంకల్లో ఉండే పిల్లలు బడికే రావట్లేదు, ఇంక అరుగు దాకా ఏం వస్తారు.

పుస్తకాలే అటు పంపుదామని, రెండేసి పుస్తకాలు పాలిథిన్ కవర్లో పెట్టి, మూతిని కొవ్వొత్తి సెగకి అంటించి, బియ్యం సంచిలో వేసి, వరద తీశాక పడవ మీద లంక బడికి వెళ్ళే టీచర్‌గారికి ఇచ్చాను. ఇదేం కొత్త సంగతి కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయమే నడిపారు. నాది ఒక్క సంచి.

అందులో రస్కిన్ బాండ్ 'యాంగ్రీ రివర్' ఉంది. నది మధ్య చిన్న లంక, తాతా నానమ్మతో ఉండే సీత. నానమ్మకి జబ్బు చేస్తే తాత పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తాడు. సీత ఒక్కతే ఉండగా నది పెరుగుతుంది. రావిచెట్టు ఎక్కుతుంది. పుస్తకం చిన్నది, ఇంగ్లీషు తేలిక, వాక్యాలు పొట్టివి. నీళ్ళు తగ్గాక లంక పిల్లలు వచ్చినప్పుడు పైకి చదివి, చెట్టు వేళ్ళతో సహా కదిలే చోట ఆపాను.

"తర్వాత ఏమవుద్దో నేను చెప్తానండి" అని ఆరో తరగతి పిల్ల లేచింది. కథ చెప్పలేదు, సీతకి ఏం తెలీదో చెప్పడం మొదలెట్టింది. ముందు గ్యాస్ సిలిండర్ని స్తంభానికి కట్టేయాలట, లేకపోతే తేలిపోతుందట. బియ్యం అటక మీదకి, ఆధార్ కార్డులు కవర్లో పెట్టి జాకెట్లోకి. సీత ఇంట్లో సిలిండర్ లేదంటే "అయితే తక్కువ పనే" అంది. 1986 వరద సంగతి వాళ్ళ మామ్మ దగ్గర విన్నది కూడా కలిపి చెప్పింది. ఆ రోజు నేను చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. ఆ పుస్తకం ఇంగ్లీషుదైనా లంక నుంచి నాలుగు 'ఆయ్'లతో తిరిగొచ్చింది.

సెప్టెంబరు

ఇంగ్లీషు మొదలు. వరసగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

టిన్‌టిన్ బొమ్మల కథలు: ఇంగ్లీషంటే భయపడేవాళ్ళకి మొదటి మెట్టు. బొమ్మ సగం చెప్పేస్తుంది, మాటలు బుడగల్లో కొంచెం కొంచెమే ఉంటాయి. పెద్ద సైజు కాబట్టి కుట్టు ముందు ఊడుతుంది. కొన్న రోజే వెన్నుకి గుడ్డ పట్టీ వేయించాలి.

ఎనిడ్ బ్లైటన్ 'ఫేమస్ ఫైవ్': 1942 నుంచి 1963 దాకా 21 నవలలు. నలుగురు పిల్లలు, ఒక కుక్క, ఒక దీవి, దొంగ రవాణా చేసేవాళ్ళు. అమ్మాయి అన్న మాటే ఒప్పుకోని జార్జ్ ఇందులో ఉంది. జూలైలో ప్రశ్న అడిగిన పిల్లకి మొదటిది ఇదే ఇచ్చాను, నాలుగు చదివేసింది. నాలుగో దానికి "దొంగ ఎవరో నలభయ్యో పేజీకే తెలిసిపోయింది" అని ఫిర్యాదు. మంచిదే. ఈ సిరీస్ పని అదే, చదివే వేగం పెంచి వదిలేయడం. 21 పుస్తకాలూ కొనక్కర్లేదు. ఐదారు చాలు.

'ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్' (డోనాల్డ్ సోబోల్, మొదటిది 1963): పదేళ్ళ కుర్రాడు డిటెక్టివ్, పోలీసు చీఫ్ కొడుకు. ఒక్కో కథ కొద్ది పేజీలే, జవాబులు పుస్తకం చివర. చివరి పేజీలకి పెద్ద నల్ల క్లిప్పు పెట్టి ఇస్తాను, జవాబు కాగితం మీద రాసి తెస్తేనే క్లిప్పు తీస్తాను. కొన్ని కథల్లో కీలకం అమెరికా అంతర్యుద్ధం మీదో బేస్‌బాల్ మీదో ఉంటుంది, అవి మన పిల్లలకి అందవు. ముందే చదివి వాటి మీద పెన్సిల్‌తో ఇంటూ కొట్టండి.

వీటన్నిటి కంటే నాకు ఇష్టమైనది ఎరిక్ కెస్ట్నర్ 'ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్', 1929 నాటి జర్మన్ పుస్తకం. బెర్లిన్ వెళ్ళే రైల్లో ఎమిల్ నిద్రపోతాడు, జేబులో అమ్మ ఇచ్చిన 140 మార్కులు పోతాయి. టోపీ పెట్టుకున్న తోటి ప్రయాణికుడి మీద అనుమానం. బెర్లిన్ వీధి పిల్లలంతా కలిసి అతని వెంట పడతారు. హత్య లేదు, తుపాకీ లేదు, దయ్యం లేదు. అమ్మ కష్టపడి దాచిన డబ్బు పోవడం కంటే పెద్ద నేరం పదేళ్ళవాడికి ఏముంటుంది? ఇంగ్లీషు పుస్తకం చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. దొంగ దగ్గర దొరికిన నోట్లు ఎమిల్‌వే అని ఎలా రుజువు చేస్తారు అన్న చోట ఆపి వారం గడువిచ్చాను. నంబర్లు రాసుకుని ఉంటాడన్నారు, వాసన అన్నారు, వేలిముద్రలన్నారు. జవాబు ఇక్కడ రాయను. కథ మొదట్లోనే, రైల్లో ఉండగానే, రచయిత దాన్ని కళ్ళముందు పెట్టేస్తాడు. పిల్లలు వెనక్కి తిప్పి వెతుక్కుని "ఓర్నీ!" అన్నారు. మిస్టరీ పుస్తకం మంచిదో కాదో తేల్చడానికి నేను చూసేది ఇదొక్కటే: వెనక్కి తిప్పితే ఆధారం అక్కడ ఉండాలి.

కార్తీకం

షెర్లాక్ హోమ్స్. మొత్తం నాలుగు నవలలు, 56 కథలు. పిల్లలకి నవలలతో మొదలుపెట్టొద్దు, కథలతో పెట్టండి. 'రెడ్ హెడెడ్ లీగ్' నవ్విస్తూ సాగుతుంది, అది ముందు. రెండోది 'స్పెకిల్డ్ బ్యాండ్' (1892). ఈ కథ చదవనివాళ్ళు కింది పేరా దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.

నాగుల చవితి వారంలో కావాలనే చదివాను. గదిలోకి కంత, గంట తాడు, నేలకి బిగించిన మంచం, పళ్ళెంలో పాలు. పాలనగానే వెనక నుంచి "పాము!" అని కేక. వాళ్ళ నాన్న చేలల్లో ఎలుకల బుట్టలు పెడతాడు, ఆ కుర్రాడికి పాముల సంగతి నాకంటే ఎక్కువ తెలుసు. హోమ్స్ గుట్టు విప్పాక వాడు ఒప్పుకోలేదు. "పాము పాలు తాగదండి. మొన్న పుట్టలో పోసినవి చీమలే తాగాయి, నేను చూశాను. ఈల వేస్తే తాడెక్కి వచ్చేస్తుందా? మన ఈల దానికెక్కడ వినపడుద్దండీ?" పెద్దవాళ్ళు కూడా ఈ కథ మీద ఎప్పటినుంచో అంటున్నవి ఇవే. కథ రాసిన కానన్ డాయల్‌ని కాసేపు ఉతికి ఆరేశారు. అయినా రెండు కాపీలూ ఆ సాయంత్రమే వెళ్ళిపోయాయి.

డిసెంబరు

సత్యజిత్ రే రాసిన డిటెక్టివ్ ఫెలూదా కథలు, గోపా మజుందార్ ఇంగ్లీషు. 1965లో మొదలైన సిరీస్. 'సోనార్ కెల్లా'తో మొదలుపెట్టడం మంచిది: గత జన్మ గుర్తుందనే పిల్లాడు, జైసల్మేర్ కోట, కడుపుబ్బ నవ్వించే జటాయు అనే రచయిత. ఎనిమిది, తొమ్మిది తరగతులకి. మన రైళ్ళు, మన హోటళ్ళు కాబట్టి బ్లైటన్ కంటే త్వరగా ఎక్కుతుంది. కానీ చీటీల మీద తొలి యాభై పేజీల్లో ఆగిన నంబర్లు కొన్ని ఉన్నాయి. పేర్లు ఎక్కువ. అట్ట లోపల పాత్రల పేర్లు తెలుగులో రాసి అంటించాను, తర్వాత తీసుకున్నవాళ్ళు ఆగలేదు.

ఒక తాతగారు అటక మీద నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు కట్ట కట్టి తెచ్చిచ్చారు. నేను రెండు రాత్రులు వదలకుండా చదివాను. అవి పెద్దల కోసం రాసినవి, బల్ల మీద పెట్టలేదు. తొమ్మిదో తరగతి వాళ్ళకి ఏరి ఒకటో రెండో ఇస్తాను, మిగిలినవి నావి.

జనవరి

సంక్రాంతి వారం బల్ల ఎత్తేశాను, ఎవరూ రారు. ఆ ఖాళీలో చీటీలన్నీ ముందేసుకుని కొనాల్సినవాటి లెక్క చూశాను. 'కాంచన ద్వీపం' మూడో కాపీ, పాతవి రెండూ నలిగిపోయాయి. దాసరి గారివి ఇంకో రెండు, దొరికితే 'పాతాళదుర్గం'. నండూరి వారి 'టామ్ సాయర్': గుహలో దారి తప్పే ఘట్టం కోసం. ఫెలూదా ఒకటి. బ్లైటన్ కొనను, ఉన్నవి చాలు.

పాముల కుర్రాడు పాము తప్పులేకుండా ఉండే పాము కథ కావాలన్నాడు. అలాంటిది నాకు తగల్లేదు, నువ్వే రాయమన్నాను. రూళ్ళ నోటుబుక్కు ఒకటి ఇచ్చాను, వెనక అట్టకి చీటీ అంటించి మరీ.