విడిపోయిన గొట్టాలను దాచినవాళ్లు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా ప్రాంతంలోని బక్లారన్‌లో జీప్నీ ఎక్కేసరికే నా మనసు బాగా లేదు. జీప్నీ అంటే పొడవాటి జీపులాంటి అక్కడి చిన్న బస్సు. రెండు రోజుల క్రితం విమానాశ్రయం నుంచి మా మేనల్లుడి గదికి తీసుకువచ్చినందుకు టాక్సీ డ్రైవరు వసూలు చేసిన డబ్బు ఇంకా గుండెల్లో మంటగానే ఉంది. ఆ డబ్బుతో జీప్నీలో నెల రోజులు కాలేజీకి వెళ్లి రావచ్చని మావాడు లెక్క కట్టి మరీ చెప్పాడు. మేం ఎక్కినప్పుడు జీప్నీలో మొదటి నాలుగు కిలోమీటర్లకు 13 పెసోలు, మన డబ్బులో ఇరవై రూపాయలకు అటూ ఇటూ.

మావాడు ఆ ప్రాంతంలోనే ఉన్న లాస్ పిన్యాస్‌లో వైద్యం చదువుతున్నాడు. మన తెలుగు పిల్లలు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. పొద్దున్నే బక్లారన్ బజారులో సామాన్లు కొనుక్కుని జపోటె వైపు వెళ్లే బండి ఎక్కాం. దారిలో ఆ ఊళ్లోనే, వెదురు ఆర్గన్ ఉన్న చర్చి దగ్గర దిగుదామన్నాను. ఆర్గన్ అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం.

"మామయ్యా, మూడేళ్లుగా దాని ముందు నుంచే తిరుగుతున్నాను. పాత చర్చి, అంతే" అన్నాడు.

జీప్నీలో వెనుక నుంచి ఎక్కాలి. రెండు పొడవాటి బల్లల మీద అందరం ఎదురెదురుగా, మోకాళ్లు తగులుకునేంత దగ్గరగా కూర్చోవాలి. కండక్టరు ఉండడు. "బయాద్ పో" (డబ్బులండీ) అని చెయ్యి చాపితే పక్కవాళ్లు ఆ డబ్బు అందుకుని, చేతులు మార్చుకుంటూ డ్రైవరుకు చేరుస్తారు. చిల్లర కూడా అలాగే తిరిగి వస్తుంది. ఒక్క నాణెం తగ్గలేదు. పొద్దుటి నుంచి బిగుసుకుపోయి ఉన్న నా మొహం అక్కడే కాస్త విచ్చుకుంది.

మా డబ్బు అందుకున్న ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. "బాంబూ ఆర్గన్" అన్న మాట చెవిన పడిందేమో, నా వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. 1975లో అది మరమ్మతు అయి జర్మనీ నుంచి తిరిగి వచ్చిన రోజు ఆమెకు పదేళ్లట. ఊరంతా రోడ్డు మీదికి వచ్చేసిందట. తండ్రి భుజాల మీద కూర్చుని చూశానని, లోపల ఉన్నది ఎలా ఉంటుందో తెలియకపోయినా ఆ పెట్టెలకు చెయ్యి ఊపానని చెప్పింది. "మా అమ్మ ఏడ్చింది. ఎందుకని అడిగితే, వస్తుందనుకోలేదు అంది."

'వస్తుందనుకోలేదు' అన్న ఆ మాటే రోజంతా నన్ను వెంటాడింది.

చర్చి దగ్గర దిగేసరికి లోపల పెళ్లి జరుగుతోంది. మూడింటికి రమ్మన్నారు. మళ్లీ చిరాకు. ఎదుటి వీధిలో అన్నం, ఒక కూర, ఉడికించిన గుడ్డు తిని, ఎండలో రెండున్నర గంటలు కాచుకున్నాం. ఈ ఊళ్లోనే సారావ్ కంపెనీవాళ్లు 1953 నుంచి జీప్నీలు కడుతున్నారని, పోయి చూద్దామని మావాడు అన్నాడు. నేను కదలలేదు. కదిలితే ఇంకో పెళ్లి అడ్డొస్తుందేమోనని భయం.

మూడింటికి మేడ మెట్లు ఎక్కాం.

ముందు కనిపించేది వెదురే. తేనె రంగుకు తిరిగిన వెదురు గొట్టాలు వరుసగా నిలబడి ఉన్నాయి. లోహపు గొట్టాలైతే అన్నీ ఒకే పోతలా ఉండేవి. ఇక్కడ ఒకదాని కణుపు ఇంకోదాని కణుపుతో కలవదు. ఏ బొంగు ఏ పొదలో ఎంత వేగంగా పెరిగిందో ఆ కణుపుల ఎడం చూస్తే తెలుస్తుంది. అడుగు భాగంలో నోరులా కోసిన అడ్డ చీలిక, దాని పైన పల్చగా చెక్కిన పెదవి. తిత్తుల్లోంచి వచ్చిన గాలి ఆ పెదవికి తగిలి చీలితేనే స్వరం పుడుతుంది. మన పిల్లనగ్రోవిలోనూ జరిగేది అదే. గొట్టం పొడవు సగానికి తగ్గితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. ముందుకు పొడుచుకు వచ్చిన బూరలు మాత్రం లోహంవి. మొత్తం 1,031 గొట్టాలు, అందులో 902 వెదురువి, 129 లోహానివి.

దీన్ని కట్టింది డియెగో సెరా అనే స్పానిష్ క్రైస్తవ మతగురువు. 1762లో స్పెయిన్‌లోని గ్రౌస్‌లో పుట్టి, 1795 నుంచి ఈ ఊరి చర్చికి విచారణ గురువుగా ఉన్నాడు. 1816లో పని మొదలుపెట్టాడు. వెదురు నరికించి, పురుగు పట్టకుండా నెలల తరబడి సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించాడు. ఈ మాట వినగానే మా ఊరి చెరువు గుర్తుకొచ్చింది. ఇంటి కప్పుకు వేసే బొంగులను మా తాతయ్య అందులోనే నానబెట్టేవారు. పచ్చి వెదురులో ఉండే తీపి పోకపోతే పురుగు వదలదు అనేవారు. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి మా తాతయ్య! 1821 నాటికి బూరలు తప్ప మిగతాదంతా సిద్ధమైంది. బూరలకు వెదురు సరిపడదని లోహంతో చేయించి, 1824లో పూర్తి చేశాడు.

ఆ తర్వాతి కథ కష్టాల కథ. భూకంపాలు, తుఫానులు, కప్పు ఎగిరిపోయిన చర్చి, వాన నీళ్లు. ఆర్గన్ మూగబోయింది. విప్పిన గొట్టాలను చర్చిలో పూజాసామగ్రి ఉంచే గదిలో పెట్టి ఉంచారు. నేను ఆగిపోయింది ఇక్కడే. వెదురు బొంగులు! ఏ పేద ఇంటి పొయ్యిలోకైనా పనికొచ్చేవి, ఏ కంచెకైనా కట్టుకోగలిగేవి. పలకని వాద్యం ముక్కలను ఏళ్ల తరబడి అలా ఉంచినవాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. 20వ శతాబ్దం మొదట్లో బెల్జియం నుంచి వచ్చిన గురువులు కొంత బాగుచేయించగలిగారంటే, ఆ ముక్కలు అక్కడ ఉండబట్టే కదా.

పూర్తిగా విప్పి కట్టడం 1973లో మొదలైంది. జర్మనీలోని బాన్ నగరంలో 1882 నుంచి ఆర్గన్లు చేస్తున్న యోహానెస్ క్లాయిస్ కర్మాగారానికి దీన్ని పంపారు. ఆర్గన్ విప్పడమంటే సామాను సర్దినట్టు కాదు. ఏ గొట్టం గాలిపెట్టె మీద ఏ రంధ్రంలో కూర్చుంటుందో గుర్తు పెట్టకుండా తీస్తే, దాన్ని తిరిగి పలికించే మార్గం ఉండదు. గాలిపెట్టె చెక్కలో వెంట్రుక మందం చీలిక ఉన్నా మెట్టు నొక్కకుండానే స్వరం మోగుతుంది. తిత్తుల తోలు మార్చాలి. ప్రతి గొట్టం స్వరాన్నీ విని సరిచేయాలి. పైగా ఇది తేమ నేలలో పెరిగిన వెదురు. జర్మనీ పొడి గాలికి పగులుతుందని, ఫిలిప్పీన్స్ వాతావరణంలా వేడీ తేమా ఉండే గదిని అక్కడ ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. పరాయి వెదురు కోసం ఒక గదికి దాని ఊరి గాలి కల్పించడం! ఇంత శ్రద్ధ మనుషుల పట్ల కూడా తరచుగా చూడం.

1975 మార్చి 13న ఆర్గన్ ఊరికి చేరింది. మే 9న మళ్లీ మోగింది.

నన్ను ఇంకా సంతోషపెట్టిన సంగతి వేరే ఉంది. ఆ తర్వాత ఇక్కడి కుర్రవాళ్లు ఐరోపా వెళ్లి ఈ పని నేర్చుకుని వచ్చారు. 1994లో ఇదే ఊళ్లో డియెగో సెరా పేరుతో ఆర్గన్లు చేసే సంస్థ మొదలైంది. 2003లో దేశం ఈ వెదురు ఆర్గన్‌ను జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. అప్పుడు మళ్లీ చేసిన మరమ్మతు కోసం సముద్రం దాటాల్సిన అవసరం రాలేదు. ఊరివాళ్లే చేసుకున్నారు.

వాయించి చూపించిన అబ్బాయికి పాతికేళ్లు దాటవు. ముందు ఒక్క వెదురు వరుసను పలికించాడు. మెత్తగా, కాస్త ఊపిరి కలిసిన నాదం. తర్వాత బూరలు కలిపాడు. ఛాతీలో కొట్టినట్టయింది. చివర 'పహరితోస్' అనే పిడి లాగాడు. పిట్టలు అని దాని అర్థం. చర్చి నిండా కిలకిలలు. మావాడు ఫోను పైకెత్తి రికార్డు చేయడం మొదలుపెట్టాడు. మూడేళ్లు ఈ గోడ పక్క నుంచి నడిచిన పిల్లవాడు, అయిపోయాక కూడా ఫోను దించలేదు.

రాత్రి గదికి వచ్చి మా తమ్ముడికి ఫోను చేశాను. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక దాన్ని బాగుచేయిద్దామని విప్పి, కట్టేవాడు దొరక్క, ముక్కలను గోనెసంచిలో వేసి అటక ఎక్కించాం. ఇరవై ఏళ్లయింది. ఇల్లు సున్నం వేయించే ముందు పాత సామాను పారేస్తానని తమ్ముడు పోయిన నెలలోనే అన్నాడు.

"ఆ సంచి పారేశావా?"

"లేదన్నయ్యా. దించాను. తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. స్వరం పలికే రీడ్లు మాత్రం అమ్మ పాలపొడి డబ్బాలో వేసి మూత బిగించింది."

లెక్కపెట్టమన్నాను. ముప్పై తొమ్మిది మెట్ల పెట్టె, రెండు వరుసల రీడ్లు, డెబ్బై ఎనిమిది ఉండాలి. ఫోనులో ఒక్కొక్కటి నేల మీద పెడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"డెబ్బై ఆరు" అన్నాడు తమ్ముడు. "ఉండు, సంచి దులుపుతాను."