కాలువ ఆగుతుందని లీన్‌కి ఎలా చెప్పాను

మాది కోనసీమలో శివారు ఊరు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు పెద్ద కాలువలోంచి పిల్ల కాలువల్లోకి, వాటిలోంచి బోదెల్లోకి దిగి అందరి తర్వాత మా చేలకి వస్తాయి. నిరూపణల్ని కంప్యూటరే సరిచూసే ప్రోగ్రామింగ్ భాష లీన్ 4 నేర్చుకుంటూ ఏదైనా సొంతంగా రాద్దామనుకుంటే ఇదే తట్టింది. కాలువ అంటే దాని కింద నేరుగా తడిసే ఎకరాలు, దాన్నుంచి చీలే పిల్ల కాలువల జాబితా, అంతే. మొత్తం ఆయకట్టు కావాలంటే సొంత ఎకరాలకి పిల్లల ఆయకట్టు కలపాలి. రెండు లైన్ల రికర్షన్, అంటే తనని తానే పిలుచుకునే ఫంక్షన్. జాబితా మీద మ్యాప్ పెట్టి, అంటే ఒక్కో పిల్లకీ అదే లెక్క వేయమని రాస్తే ఎర్ర గీత పడింది, ఇది ఆగుతుందని నిరూపించలేకపోయానని.

నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు పల్లానికేగా పోయేది, ఆగకేం చేస్తుంది?

ముందు అడ్డదారి తొక్కాను. ఆగుతుందని చూపించక్కర్లేదనే అర్థంలో పార్షియల్ అని రాస్తే ఊరుకుంటుంది కానీ, ఆ ఫంక్షన్ లోపల ఏముందో ఇక నిరూపణలకి కనపడదు, దాని గురించి ఒక్క సిద్ధాంతం కూడా కదలదు. అందుకని ఫ్యూయల్ పద్ధతి పట్టాను: అదనంగా ఒక సంఖ్య ఇచ్చి, పిలిచినప్పుడల్లా ఒకటి తగ్గించి, అయిపోతే సున్నా అనడం. 3 ఇచ్చాను. 480 ఎకరాలు రావాల్సిన చోట 300 వచ్చింది, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నాలుగో మెట్టులో ఉన్న బోదెలన్నీ ఎగిరిపోయాయి, అంటే సరిగ్గా మా శివారు చేలే. ఆ రోజు నుంచి ఫ్యూయల్ అంటే నాకు నమ్మకం పోయింది.

అప్పుడు కూర్చుని లీన్ అడుగుతున్నదేంటో చదివాను. పిల్ల కాలువ సైజు, 1 + ఎకరాలు + జాబితా సైజు కంటే తక్కువని చూపించమంటోంది. పైన తెలిసిన విషయాల్లో ఆ పిల్ల కాలువ ఈ జాబితాలోదే అన్న ముక్క ఎక్కడా లేదు! మ్యాప్‌లోకి వెళ్ళేసరికి అది ఎవరి పిల్లో చెప్పే సాక్ష్యం జారిపోయింది, నా వెర్షన్ దాన్ని తనంతట తాను తెచ్చుకోలేదు. నాకు తెలుసు, దానికి నేను చెప్పలేదు. జాబితాకి అటాచ్ తగిలిస్తే ఒక్కో పిల్లతో పాటు "ఇది ఇందులోదే" అన్న రుజువు కూడా వస్తుంది. తగిలించగానే ఎర్ర గీత పోయింది.

గ.సా.భా లాంటివాటికీ ఇదే సంగతి. మొదటి సంఖ్యని రెండోదానితో భాగించి శేషం తీసుకుంటూ పోతే (48, 18) నుంచి (18, 12)కి, (12, 6)కి, (6, 0)కి దిగుతుంది. శేషం ఎప్పుడూ భాజకం కంటే చిన్నదే, కాకపోతే భాజకం సున్నా కాదన్న షరతుకి ఇఫ్‌లో ఒక పేరు పెట్టి చేతికందేలా ఉంచుకోవాలి. తగ్గేది రెండో సంఖ్య అని టెర్మినేషన్ బై (ఏది తగ్గుతుందో చెప్పే చోటు) దగ్గర రాసి, అది తగ్గుతుందని ఆ షరతుతో చూపించాలి.

లీన్‌కి ఇంత పట్టుదల ఎందుకంటే, ఆగని ఫంక్షన్‌ని ఒప్పుకుంటే ఎఫ్ = ఎఫ్ + 1 అని రాసుకోవచ్చు, రెండు వైపులా కొట్టేస్తే 0 = 1. ఇంక అందులో ఏ నిరూపణకీ విలువ ఉండదు.

ఒక మాట, ఇలా రాసిన ఫంక్షన్ రిఫ్ల్‌తో (రెండు వైపులా లెక్కవేస్తే ఒకటేననే నిరూపణతో) విప్పుకోదు, ఆర్‌డబ్ల్యూకి (సమీకరణం ప్రకారం మార్చి రాసే ఆదేశానికి) దాని పేరిచ్చి విప్పాలి. నాకు ఒక సాయంత్రం పోయింది దీంతో.

ఇప్పుడు ఏ బోదె ఎకరాలైనా మొత్తం ఆయకట్టుని మించవని నిరూపిస్తున్నా. అక్కడా మళ్ళీ ఆ సాక్ష్యమే పని చేస్తోంది: ఇది ఆ జాబితాలోదే.