కాళేశ్వరం దాటి సిరొంచకు, జీపులో

గోదావరి మీద వంతెన దాటితే వచ్చే మహారాష్ట్ర ఊరు సిరొంచకి మనిషికి వంద రూపాయలట. వంతెన లేని రోజుల్లో పడవవాడు కూడా ఇంత అడిగి ఉండడు అని గొణిగితే, డ్రైవర్ నా వైపు చూడనైనా చూడకుండా "ఎక్కితే ఎక్కు సారూ, లేకుంటే సాయంత్రం దాకా నిలబడు" అన్నాడు. ఆ ఎండలో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది, ఎక్కేశాను. ఎక్కాక ఇంకో ఆరుగురు నిండేదాకా కదల్లేదు, అది వేరే సంగతి.

కాళేశ్వరం వెళ్లేవాళ్లందరూ గుడి కోసం వెళ్తారు. నేను వెళ్లింది ఒక డైనోసార్ కోసం. హైదరాబాద్‌లో చుట్టాలొస్తే బిర్లా మందిర్‌కి తీసుకెళ్లడం మన ఇళ్లల్లో తప్పని డ్యూటీ కదా, దాని పక్కనే సైన్స్ మ్యూజియంలో ఒక పెద్ద అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన 840 ఎముకల నుంచి, కనీసం 12 జంతువుల ఎముకల నుంచి, ఒక శాల్తీని నిలబెట్టారు. 1988లో దానికి ఆ పేరు పెట్టింది పి. యాదగిరి. పేరు మొదట్లో ఉన్న 'కోట' సిరొంచ పక్కన ప్రాణహిత ఒడ్డునున్న చిన్న ఊరు. ఆ ఊరి పేరుతోనే ఆ ఎముకలు దొరికిన రాతిపొరల్ని పిలుస్తారు. దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి పొరలవి. ఆ నేల ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది, అంతే.

గుడి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. శివుడిదైన ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్లు గోదావరి, ప్రాణహిత కలిసేచోటికి వెళ్తాయని నమ్మకం. మూడో నదిగా సరస్వతి కనపడకుండా ప్రవహిస్తుందంటారు, 2025 మేలో సరస్వతి పుష్కరాలకి ఇసకేస్తే రాలనంత జనం. రాత్రి పడుకున్న గదిలో ఫ్యాను తిరిగింది కానీ గాలి రాలేదు. అద్దె మాత్రం ఏసీ గదికి అడిగినంత.

ఇక జీపు. నా పక్కన కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య, ఒళ్లో సంగమం నీళ్లు పట్టిన సీసాలు. ఎదురుగా ఫోన్లో మాట్లాడుతున్న కుర్రాడు, ఇంకా ఎవరెవరో. ఇటువైపు జీపుల్లో మనం ఎవరమో, ఎందుకు వెళ్తున్నామో చెప్పకుండా కూర్చోవడం కుదరదు. "సిరొంచల ఏమున్నది బిడ్డా?" అన్నాడు పెద్దాయన. సిరొంచ దగ్గర వడదంలో రాళ్లయిపోయిన చెట్లున్నాయని, ఈ చుట్టుపక్కలే డైనోసార్ ఎముకలు దొరికాయని చెప్పాను. గుళ్లో దండం పెట్టి వచ్చిన మనిషి కదా, దేవుడు సృష్టించాడా, పరిణామమా అని గొడవ పెట్టుకుంటాడేమో అనుకుని లోపల కొంచెం సిద్ధంగానే ఉన్నాను.

ఆయన నవ్వాడు. "గదంత మనోళ్లు ఎప్పుడో చెప్పిండ్రు. ముందుగాల నీళ్లల్ల చాప, తర్వాత నీళ్లల్ల నేలమీద తిరిగే తాబేలు, తర్వాత పంది, సగం జంతువు సగం మనిషి, పొట్టోడు, గొడ్డలి పట్టినోడు, గట్లనే రాముడు, కృష్ణుడు. డార్విన్ కొత్తగ చెప్పిందేమున్నది?"

వాదం పెట్టుకోవడానికి చోటే ఇవ్వలేదు చూడండి. ఈ పోలిక మన ఊరి పంతుళ్లు కనిపెట్టింది కాదు, థియోసఫీ అనే ఆధ్యాత్మిక ఉద్యమాన్ని నడిపిన బ్లావట్‌స్కీ 1877లోనే రాసింది. తర్వాత జీవశాస్త్రవేత్త హాల్డేన్ కూడా ఎత్తాడు. ఇంగ్లండ్ వదిలేసి వచ్చి ఈ దేశ పౌరుడైపోయి 1964లో భువనేశ్వర్‌లో పోయిన ఆ హాల్డేనే. తమాషా ఏమిటంటే ఈ కోట రాళ్లలోనే దొరికిన ఒక బుల్లి క్షీరదం పంటికి 1981లో కోటథీరియం హాల్డేనై అని ఆయన పేరే పెట్టారు. ఇదంతా చెబితే పెద్దాయన మరీ మురిసిపోయాడు. అవతారాలకి ఒక పని ఉంటుంది, దుష్టశిక్షణ అనో ఏదో, బతకగలిగినవే మిగిలే డార్విన్ ప్రకృతి వరణానికి ఏ పనీ లేదు, చేప తాబేలు కావాలని ఏ చేపా అనుకోలేదు అని చెప్పబోయాను. "అయితే అయింది, దేవునికి అన్ని దారులే" అన్నాడు. అంత సుఖంగా డైనోసార్‌ని మింగేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. 2018లో ఒక కేంద్రమంత్రి కోతి మనిషి కావడం ఎవరు చూశారన్నప్పుడు, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసినప్పుడు నాకొచ్చిన కోపమంతా ఆ జీపులో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గొడవ వచ్చింది వేరే చోట.

ఎదురుగా ఉన్న కుర్రాడు ఫోన్లో ఎవరికో డబ్బులు లెక్క చెబుతున్నాడు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని చెవిన పడగానే నేను ఉండబట్టలేక అడిగాను, తరవాతవి చెప్పు తమ్ముడూ అని. సైయుంగ్, సారుంగ్, యేరుంగ్. గోండు కుర్రాడే, అమ్మవాళ్లది ఆసిఫాబాద్ వైపట, పెళ్లి చేసుకుని ఇటొచ్చాడు. చూశారా, మూడు, నాలుగు, ఆరు, ఏడు అన్నీ మనవే, తెలుగుకి తమిళం కంటే గోండీ దగ్గరి చుట్టం, మనం, గోండీ, కువి, కొండ భాష ఒకే కొమ్మ అని ఉత్సాహంగా చెప్పాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు బతుకంతా ఈ చుట్టరికాల లెక్క తేల్చడంతోనే గడిపారని కూడా.

పెద్దాయన మొహం మారిపోయింది. "వాళ్లు మన దగ్గర నేర్సుకున్నరు. మనది దేవభాషల నుంచి పుట్టిన భాష. గీ కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం, మూడు లింగాల నడుమ దేశం కాబట్టే త్రిలింగం, తెలుగు అయింది. అడవి భాషతోని సుట్టరికమేంది బిడ్డా?" కుర్రాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నేను అతని వైపు చూడలేకపోయాను. అతను మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, ఇలాంటివి విని విని అలవాటైపోయినట్టు.

అప్పటిదాకా మాట్లాడని పెద్దావిడ అందుకుంది. వాళ్ల నాయన ఉట్నూరులో కిరాణా కొట్టు పెట్టుకున్నాడట, చిన్నప్పుడు తనూ కొట్లో కూర్చునేదట. "గోండోళ్లు ఉప్పును సోవర్ అంటరు. సంత రోజు అదే ఎక్కువ అమ్ముడువోయేది" అంది. కుర్రాడి మొహం వెలిగింది. మా అమ్మ సోవరే అంటుంది, మా అత్తగారింట్లో హోవర్ అంటారు, వాళ్లు నా మాట విని నవ్వుతారు, ఇంకా లోపలి ఊళ్లవాళ్లు ఓవర్ అంటారు అని తనే చెప్పాడు.

అసలు నేను ఎముకలు చూద్దామని బయల్దేరితే దొరికింది ఇది. పుస్తకంలో చదివినప్పుడు ఇంత ఒళ్లు జలదరించలేదు. పూర్వం ఈ మాటల మొదట్లో 'చ' ఉండేది, అది 'స' అయి, 'స' కాస్తా 'హ' అయి, 'హ' కూడా రాలిపోతుంది. తెలుగులో శాసనాలు పుట్టకముందే రాలిపోయింది కాబట్టి మనకి ఉప్పు, ఆరు మిగిలాయి. గోండీలో ఆ రాలడం ఇప్పటికీ నడుస్తోంది, ఒక్కో ఊళ్లో ఒక్కో మెట్టు మీద, ఒక్కో మాటలో ఒక్కో వేగంతో. కృష్ణమూర్తిగారు 1998లో దీని మీదే ఒక పెద్ద వ్యాసం రాశారు. రాతిపొరల్లో మధ్య మెట్టు జంతువు దొరకాలంటే ఎంత అదృష్టం కావాలి! ఇక్కడ మూడు మెట్లూ ఒకే పెళ్లి పందిట్లో కూర్చుని ఉప్పు అడుగుతున్నాయి. భాషలు పుట్టే తీరూ జీవజాతులు పుట్టే తీరూ వింతగా ఒకేలా ఉన్నాయని డార్విన్ 1871లో రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటిదే అయ్యుండాలి.

పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. కోతితో చుట్టరికానికి ఆయనకి అభ్యంతరం లేదు, గోండుతోనే వచ్చింది చిక్కు. ఆయన్ని అని లాభం లేదు లెండి. మా తెలుగు మాస్టారు సంస్కృతం తల్లి, తెలుగు కూతురు అని చెప్పినప్పుడు బెంచీ మీదున్న మేమంతా తలలూపాం. మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లోనే అది కాదని చూపించాడన్న సంగతి నాకు ఉద్యోగంలో చేరాకగాని తెలియలేదు. పైగా దక్షిణాది భాషల కుటుంబాన్ని 1856లో పూర్తిగా నిలబెట్టిన కాల్డ్వెల్ చర్చి ఫాదరు. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ కూడా మతం మార్చడానికి స్కాట్లండ్ నుంచి వచ్చినవాడే. అతను ఒకవైపు రాళ్లలోని శిలాజాలు ఏరాడు, ఇంకోవైపు గోండుల దేవుడు లింగో కథని, గుహలో బందీలైన గోండులని విడిపించిన ఆ పాటని, గోండీలోనే రాసుకున్నాడు. 1863లో వాగు దాటుతూ మునిగిపోయాడు, ఆ కాగితాలు 1866లో అచ్చయ్యాయి. మతం మార్చడానికి వచ్చి ఆ మతం కథనే జాగ్రత్తగా దాచిపెట్టాడు. ఎంతమందిని మార్చాడో గాని, ఆ పాట మాత్రం మిగిలింది.

సిరొంచలో బోర్డులన్నీ మరాఠీలో, అరుపులన్నీ తెలుగులో. కుర్రాడూ నేనూ టీ తాగాం, డబ్బులు ఇవ్వనివ్వలేదు. బడిలో మరాఠీ, బజారులో తెలుగు, ఇంట్లో గోండీ, పిల్లకి ఏది నేర్పాలో తెలియట్లేదన్నాడు. ఆదిలాబాద్ వైపు గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపి 2018లో, కంప్యూటర్లలో లిపులన్నీ వాడుకునే యూనికోడ్‌లోకి కూడా వచ్చింది కదా అంటే, "దాంట్లో పరీక్ష పెడతారా అన్నా?" అని అడిగాడు. 2011 లెక్కల్లో 29 లక్షల మంది పైగా మాట్లాడే భాష రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లో లేదు, నేనేం చెప్పను?

వడదంలో రాతి చెట్లు చూశాను. బాగున్నాయి. రవీంద్రుడి పేరు పెట్టిన బారాపాసారస్ టాగోరై దొరికిన పోచంపల్లి కూడా ఈ పక్కనేనట, చీరల పోచంపల్లి కాదు. దాని ఎముకలు ఎప్పుడో కలకత్తా వెళ్లిపోయాయి, ఇక్కడ చూడ్డానికేం లేదని ఆటోవాడు ముందే చెప్పి, ఊరికే తిప్పినందుకు మాత్రం పూర్తి డబ్బు తీసుకున్నాడు.

జీపు దిగేటప్పుడు పెద్దాయన నా నంబర్ తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, కంప్యూటర్లకి సంస్కృతమే సరైన భాషని నాసా తేల్చిందన్న ఫార్వర్డ్ వచ్చింది. నేను ఒళ్లు మండి సోవర్, హోవర్, ఓవర్ గురించి రెండు పేరాలు రాసి పంపించాను. దానికి గులాబీ పువ్వు బొమ్మతో 'ఓం నమః శివాయ, శుభోదయం' అని జవాబొచ్చింది. రోజూ వస్తూనే ఉంది.