హరప్పా నోట్స్ నాలుగుసార్లు ఎందుకు రాశాను

2024 ఫిబ్రవరి 25న జరిగిన ఏపీ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టులో 150 బిట్లకు నేను 47 వదిలేశాను. ఇంటికొచ్చి క్వశ్చన్ పేపర్ ముందేసుకుని చూస్తే, వాటిలో దాదాపు 30 బిట్లకు రెండు ఆప్షన్లు కావని నాకు తెలుసు. మిగతా రెండింట్లో ఏదో నూటికి నూరు శాతం తేల్చుకోలేక బబుల్ చేయలేదు.

ఒకసారి లెక్క చూడండి. తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. అలాంటి 30 బిట్లలో సగం తప్పయినా 15 మార్కులు వస్తాయి, 5 పోతాయి. పది మిగులుతాయి. ఏమీ తెలియని బిట్ గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు కాబట్టి అది వదిలేసినా పర్వాలేదు. ఈ లెక్క నాకు పరీక్షకు ముందే తెలుసు. అయినా హాల్లో చేయి కదల్లేదు. కటాఫ్ దాటలేకపోయాను.

ప్రిపరేషన్‌లోనూ అదే జరిగింది. స్క్రీనింగ్‌లో ఐదు విభాగాలు, ఒక్కోదానికి 30 మార్కులు. నేను హరప్పా నాగరికత నోట్స్ నాలుగుసార్లు రాశాను. లోథాల్ దగ్గర ఒక వాక్యం కొట్టేయాల్సి వచ్చిందని పేజీ చింపాను. ధోలావీరా 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన విషయం ఇరికించడానికి చోటు లేదని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. భారతీయ సమాజం విభాగం మాత్రం పరీక్షకు పదకొండు రోజుల ముందు తెరిచాను. టెస్ట్ సిరీస్‌కి డబ్బు కట్టి కూడా ఒక్క గ్రాండ్ టెస్ట్ రాయలేదు, సిలబస్ అంతా అయ్యాక రాద్దామని. హాస్టల్లో అమ్మాయిలు నా నోట్స్ జిరాక్స్ తీసుకుని "ఎంత నీట్‌గా రాస్తావే" అనేవారు. ఆ మాట విన్న రోజు ఇంకో గంట ఎక్కువ కూర్చునేదాన్ని.

రిజల్ట్ వచ్చాక ఊరెళ్లాను. ఆ రోజుల్లోనే పర్ఫెక్షనిజం గురించి, అంటే ఏదైనా ఒక్క తప్పూ లేకుండా ఉండాలనే పట్టుదల గురించి కొంత చదివాను. పాల్ హ్యూయిట్, గార్డన్ ఫ్లెట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో దాన్ని మూడు రకాలుగా చూపించారు. తన నుంచి తాను కోరుకునేది, ఎదుటివాళ్ల నుంచి కోరేది, ఎదుటివాళ్లు మన నుంచి కోరుతున్నారని మనం నమ్మేది. మూడోది చదవగానే నా గురించే రాసినట్టనిపించింది. నింద వెంటనే అమ్మ మీద వేశాను. మూడో తరగతిలో చూచిరాతలో ఒక్క కొట్టివేత ఉన్నా పేజీ చింపి మళ్లీ రాయించేదని నాకు బాగా గుర్తు.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అడిగాను, ఎందుకు చింపేదానివని.

"నేనెక్కడ చింపానే? నువ్వే చింపి తెచ్చి నా ఒళ్లో పడేసేదానివి. ఎర్ర సిరా పడితే ఆ పూట అన్నం ముట్టేదానివి కాదు. మళ్లీ రాస్తే తింటుందిలే అని పక్కన కూర్చుని రాయించేదాన్ని."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మా బడిలో చూచిరాత దిద్దాక బాగున్న పుస్తకాలు టేబుల్ మీద పెట్టేవారు, ఎర్ర గీతలు పడ్డవి నేల మీద. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగిన పిల్లని నేను. నా పుస్తకం నేల మీద ఉండటం, పిల్లలు దాన్ని దాటుకుంటూ వెళ్లడం. ఎనిమిదేళ్ల పిల్లకి అది చాలా పెద్ద విషయం. ఇంటర్‌లో వారం వారం మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవారు. అక్కడా అదే టేబుల్, అదే నేల. ఈసారి పుస్తకాల బదులు మేం ఉన్నాం.

బబుల్ చేయని బిట్ మీద ఎర్ర గీత పడదు. రాయని గ్రాండ్ టెస్ట్‌ని ఎవరూ నేల మీద పెట్టలేరు. నేను అన్నేళ్లు కష్టపడింది మార్కుల కోసమని అనుకున్నాను. ఎక్కువ కష్టం ఆ నేల తప్పించుకోవడానికే పడ్డాను.

ఫ్రెండ్స్, మీ కారణం వేరే ఉండొచ్చు. "నేనెందుకిలా ఉన్నాను" అని నన్ను నేను అడిగితే నాకు ఏమీ దొరకలేదు. ఏ పనిని పదే పదే వాయిదా వేస్తున్నానో చూసుకున్నాక, అలా ఇంతకు ముందు ఎప్పుడు చేశానని వెనక్కి వెళ్తే దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, దెబ్బలాటకి మాత్రం వద్దు. మన జ్ఞాపకంలో సగమే ఉంటుంది. అమ్మ చెప్పకపోతే నేను ఇప్పటికీ ఆమెనే తప్పుపడుతూ ఉండేదాన్ని.

కారణం తెలిసినంత మాత్రాన అలవాటు పోలేదు. రెండు వారాల క్రితం కూడా ఒక పేజీ చింపాను. కానీ ఆదివారం ఆదివారం టెస్ట్ రాస్తున్నాను, సిలబస్ ఎక్కడున్నా సరే. రెండింట్లో ఒకటి అనుకున్న బిట్ పక్కన చిన్న చుక్క పెట్టి, తప్పకుండా బబుల్ చేస్తున్నాను. మొన్న అలాంటివి 19 వచ్చాయి. 11 ఒప్పు, 8 తప్పు. నెగెటివ్ పోగా ఎనిమిది మార్కుల పైనే మిగిలాయి. తప్పులన్నీ ఎర్ర పెన్నుతో నేనే దిద్దుకున్నాను. వాటిలో మూడు భారతీయ సమాజంలోవి. ఈ వారం అవే చదువుతున్నాను.